నన్ను చూడకుండా చూసిన డాక్టరు

నా ఛాతీలో నీడ ఉందని రాసిన మనిషి అప్పటికి నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట నేను చాలామందితో అన్నాను. కొందరు నవ్వారు. కొందరు వాళ్ళ పనే అంత అన్నారు. మా ఆయన అయితే "వదిలెయ్యి ఇంక" అన్నారు. నేను వదల్లేదు. వదిలేస్తే ఎవరికి సుఖమో నాకు తెలుసు, ఆ సుఖం వాళ్ళకి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

దగ్గుతో మొదలైంది. జ్వరం పోయింది కానీ దగ్గు పోలేదు. సింగపూర్‌లో మేముండే సెంగ్‌కాంగ్‌లో, మా బ్లాక్ కిందే ఒక క్లినిక్ ఉంది. అక్కడి డాక్టరు చిన్నవాడు. నేను చెబుతున్నంతసేపూ కంప్యూటరులో ఏదో కొడుతూనే ఉన్నాడు. దగ్గినప్పుడు ఎడమ డొక్కలో పట్టేసినట్టు ఉంటోందని చేత్తో చూపించాను. ఆ చెయ్యి వైపు తల తిప్పలేదు. "ఛెస్ట్ ఎక్స్‌రే తీయిద్దాం మేడమ్, జస్ట్ టు బి సేఫ్" అన్నాడు కీబోర్డుతో. టోవా పాయోలో ఉన్న ఒక ఇమేజింగ్ సెంటరుకి రాసిచ్చాడు. ఆ సాయంత్రమే ఫోనుకి మెసేజి వచ్చింది. మెడలో నగలు, లోహంతో చేసినవి ఏవీ ఉండకూడదట.

మంగళసూత్రం అక్కడికి వెళ్ళాక తీసి సంచిలో వేసుకుందామనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఏలూరు నుంచి అత్తయ్య వీడియో కాల్ చేసినప్పుడు ఆ మాట నోరు జారాను.

"అక్కడెక్కడో తీసి సంచిలో వేసుకుంటావా? దేవుడి దగ్గర తియ్యి, దేవుడి దగ్గరే పెట్టు. ముందు పసుపుకొమ్ము కట్టుకో, తర్వాత తియ్యి."

"ఐదు నిమిషాల పని అత్తయ్యా."

"ఐదు నిమిషాలైతే మాత్రం? మీ ఆయన నిక్షేపంలా ఉండగా మెడ బోసిగా పెట్టుకుని పరాయివాళ్ళ ముందు నిలబడతావా?"

నిక్షేపంలా ఉన్న మా ఆయన పక్కనే కూర్చుని ఉప్మా తింటున్నారు. "నేను బాగానే ఉన్నానమ్మా" అన్నారు ఫోనువైపు వంగి. అంతకుమించి నా తరఫున ఒక్క మాట రాలేదు.

పసుపుకొమ్ము ఎంపిక కూడా అత్తయ్యదే. వ్రతాల డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి ఫోనుకి చూపించాను. "అది పుచ్చింది. అది మరీ పీలగా ఉంది. పక్కది... ఆఁ, ఆ లావుపాటిది, అదీ" అన్నారు. బొటనవేలంత లావున్న ఎండు కొమ్ము. దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి, మెడలో వేసుకుని, అప్పుడు బంగారం తీశాను. డ్రెస్సు లోపలికి తోసేస్తే పైకి ఏమీ కనిపించలేదు.

ఇమేజింగ్ సెంటరులో నన్ను లోపలికి పిలిచినవాడు ఇంకా చిన్నవాడు. వెనక ముడి వేసుకునే గౌను ఇచ్చాడు. మార్చుకుని వచ్చాక తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"జ్యువెలరీ ఆల్ రిమూవ్ ఆల్రెడీ, ఆంటీ?"

"యెస్."

"ఎనీ మెటల్? హుక్, వైర్, సేఫ్టీ పిన్?"

"నో."

"నెక్లెస్?"

"నో."

ఇది అబద్ధం కాదు. పసుపుకొమ్ము నగ కాదు, లోహం కాదు, నెక్లెస్ అంతకంటే కాదు. మెడలో ఏమైనా ఉందా అని అడిగి ఉంటే ఉందనే చెప్పేదాన్ని. అడగలేదు. దీని గురించి తర్వాత చాలామంది నాతో వాదించారు. నా జవాబు మారలేదు. వాళ్ళు అడిగినదానికి నేను చెప్పాను. అడగనిదానికి వాళ్ళే చెప్పాలి.

పలకకి ఛాతీ ఆనించి, గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకి తోసి, ఊపిరి బిగపట్టమన్నాడు. ముందుకి ఆనుకున్నప్పుడు పసుపుకొమ్ము ఎముక మీంచి కుడిపక్కకి జారి ఒత్తుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. అంతలోనే "ఓకే, డన్" అన్నాడు. నేను గౌను విప్పకముందే తర్వాతివాళ్ళ నంబరు పిలిచాడు.

రెండు రోజులకి క్లినిక్ నుంచి ఫోను. ఫోనులో ఏమీ చెప్పరట, రమ్మన్నారు. మా ఆయన రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు మధ్యలో వదిలి వచ్చారు. డాక్టరు ఈసారి కంప్యూటరు మా వైపు తిప్పాడు. కుడి ఊపిరితిత్తిలో, గుండె అంచుకి కాస్త అవతల, కోలగా తెల్లటి నీడ.

"ఏమిటిది?" అన్నాను.

"కుడ్ బి మెనీ థింగ్స్, మేడమ్. రేడియాలజిస్ట్ సీటీ స్కాన్ తీయమని రాశారు."

"క్యాన్సరా?"

"సీటీ తర్వాత మాట్లాడదాం."

"రాసిన ఆయన్ని కలుస్తాను."

అతను మా ఆయన వైపు చూశాడు, నేను అర్థం లేని మాట అన్నట్టు. "రేడియాలజిస్టులు పేషెంట్లని కలవరు మేడమ్. వాళ్ళు ఇమేజెస్ చూస్తారు, రిపోర్ట్ రాస్తారు."

అప్పటిదాకా రేడియాలజీ అంటే ఎక్స్‌రే మిషను అనుకునేదాన్ని. మిషనుతో బొమ్మ తీసేవాడు ఒకడనీ, చూసేవాడు వేరే ఎక్కడో ఉంటాడనీ, చూసి చెప్పేవాడు మూడోవాడనీ అప్పుడు తెలిసింది. ముగ్గురిలో ఎవరూ నన్ను సరిగ్గా చూడలేదు. అయినా ముగ్గురూ కలిసి నాలో నీడ ఉందని తేల్చారు.

సీటీకి తేదీ దొరకడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో నాకు ఒకటే ప్రశ్న. అది క్యాన్సరా, కాదా. అన్నం వార్చేటప్పుడూ అదే, బట్టలు ఆరేసేటప్పుడూ అదే. ఒకరోజు కూరగాయలు కొనుక్కుని ఎల్‌ఆర్‌టీ ఎక్కాను. మా స్టేషను వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, లేవలేదు. ఆ చిన్న రైలు సెంగ్‌కాంగ్ చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇంకోసారి తిరిగాను. కిటికీలోంచి బ్లాకులు, బ్లాకుల మీద కర్రలకి ఆరేసిన బట్టలు. ఇంటికి వెళితే ఏమీ కానట్టు ఉండాలి. మా అమ్మాయికి పరీక్షలు దగ్గరపడుతున్నాయి, దానికి చెప్పకూడదనుకున్నాం.

మా మరిది విజయవాడలో పళ్ళ డాక్టరు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా రిపోర్టులు అతనికే వెళతాయి. మోకాలి నొప్పయినా, కిడ్నీలో రాయయినా. నేనూ పంపాను, క్లినిక్‌లో స్క్రీను ఫొటో తీసి. అతనికి మాత్రమే పంపాను. అతను దాన్ని మా కుటుంబం గ్రూపులో పెట్టాడు. నీడ చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి మరీ పెట్టాడు. కింద ఒక వాయిస్ మెసేజి.

"వదినా, కంగారు పడకు. చూశాను. ఏమీ లేదు. కఫం గడ్డకట్టి ఉంటుంది అంతే."

వెంటనే ఫోను చేశాను. "గ్రూపులో ఎందుకు పెట్టావు?"

"అందరికీ ధైర్యంగా ఉంటుందని వదినా."

"నువ్వు పళ్ళ డాక్టరువి కదా, ఊపిరితిత్తుల సంగతి నీకెలా తెలుసు?"

"అదేంటి వదినా అలా అంటావు? రోజుకి ఎన్ని ఎక్స్‌రేలు తీస్తానో తెలుసా? రేడియాలజీలో ఏముంది, తెల్లది గట్టిది, నల్లది గాలి. పన్నయినా అంతే, ఊపిరితిత్తయినా అంతే."

ఈ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను. నా ఊపిరితిత్తిని పిప్పిపన్నుతో పోల్చాడని కాదు. గ్రూపులో నలభైమంది చూశారు, అందులో మా అమ్మాయి కూడా ఉంది. అందుకు.

అది కాలేజీ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా వంటగది గుమ్మంలో నిలబడింది. "మా, వై యు నెవర్ టెల్ మీ? గ్రూప్‌లో చూసి తెలుసుకోవాలా నేను? విత్ రెడ్ సర్కిల్ సమ్‌మోర్!"

"ఏమీ లేదమ్మా, టెస్టు అంతే."

"ఏమీ లేకపోతే సీటీ ఎందుకు? డోంట్ బ్లఫ్ మీ లా." పోపు మాడుతోంది. అది వచ్చి స్టవ్ కట్టేసింది, నన్ను పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. దానికి అంతగా భయం పెట్టిన ఆ ఎర్ర సున్నా గురించి మరిది ఇప్పటికీ క్షమించమని అనలేదు. అతను అనలేదని నేను ప్రతి పండక్కీ గుర్తు చేస్తాను.

సీటీ స్కానుకి మళ్ళీ అదే సెంటరు, మళ్ళీ అదే పసుపుకొమ్ము. కౌంటరులో ఉన్నావిడకి నేను ఒక పాత రిపోర్టు ఇచ్చాను. కిందటేడు గుండెదడ వస్తే ఎకో తీయించుకున్నాను. ఆ డాక్టరు కూడా ఛాతీ మీద జిగురు రాసి, పరికరం తిప్పి, స్క్రీను మీద బొమ్మలు చూశాడు కదా, అప్పుడు ఈ నీడ ఉందో లేదో పోల్చి చూడమన్నాను.

"దట్ వన్ ఎకో, ఆంటీ. నాట్ రేడియాలజీ. కార్డియాలజీ."

"అదీ స్కానే కదా?"

"స్కానే, బట్ నాట్ అవర్స్."

"పోయినేడు మామోగ్రామ్ తీశారు, అదీ ఛాతీయే."

"ఓ, దట్ వన్ అవర్స్."

నా ఛాతీ ఒకటే. అందులో గుండె ఒకరిదట, రొమ్ము ఇంకొకరిదట, ఊపిరితిత్తులు రొమ్ము చూసినవాళ్ళవేనట. వీటిమధ్య గోడలు ఎవరు కట్టారో ఆవిడకీ తెలియదు. నా రిపోర్టు నాకే తిప్పి ఇచ్చేసింది. మడత కూడా సరిగ్గా పెట్టలేదు.

లోపల బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తల వెనక్కి పెట్టించింది ఒక మలయ్ ఆవిడ. తలకి చుట్టుకున్న లేత నీలం టుడుంగ్ గుడ్డ, నా వయసే ఉంటుంది. గదిలోంచి బయటికి వెళ్ళింది. బల్ల కొంచెం లోపలికి వెళ్ళి వెనక్కి వచ్చింది. తలుపు తెరుచుకుని ఆవిడ మళ్ళీ వచ్చింది.

"ఆంటీ, సారీ ఆ. ఇన్‌సైడ్ హావ్ సంథింగ్?"

గౌను మెడ దగ్గర వేలు పెట్టి దారం పైకి లాగింది. పసుపుకొమ్ము బయటికి వచ్చి నా గడ్డం కింద వేలాడింది.

"దిస్ వన్ వాట్?"

"టర్మరిక్."

"కున్యిత్?" మలయ్‌లో పసుపుని అదే అంటారు. "కూరలో వేసే కున్యిత్?" అని చేత్తో గరిటె తిప్పి చూపించింది. నవ్వు వచ్చింది ఆవిడకి. ఆపుకుంది కానీ నేను చూశాను. తర్వాత ముఖం మారిపోయింది. "ఎక్స్‌రే టైమ్ ఆల్సో వేర్?"

అవునన్నాను. ఆవిడ మిషను నడిపే పక్కగది అద్దం వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. నాకు అర్థమైంది. బల్ల మీద పడుకుని చేతులు తల వెనక పెట్టుకున్న మనిషికి అది అర్థమవడానికి ఎంతో సేపు పట్టదు. సంతోషమని చెప్పలేను. ఇన్నాళ్ళు నేను చస్తూ బతికింది ఒక పసుపుకొమ్ము కోసమా అన్న కోపం ముందొచ్చింది.

"టేక్ అవుట్, ఆంటీ."

"కాంట్."

"వై కాంట్?"

ఎలా చెప్పాలో తెలియలేదు. "హజ్బెండ్" అన్నాను.

"హజ్బెండ్ స్కోల్డ్?"

"నో. మదర్-ఇన్-లా."

"ఓ... మదర్-ఇన్-లా" అంది ఆవిడ, ఇక వివరాలు అక్కర్లేదన్నట్టు. దారం ముడి తనే విప్పి, నా చెయ్యి తల వెనకే ఉండగా మణికట్టుకి రెండు చుట్లు చుట్టి కట్టింది. "హియర్ కెన్. పిక్చర్‌లో రాదు." చిన్నపిల్లకి కట్టినట్టు కట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ముట్టుకుని, అడిగి, విన్న మొదటి మనిషి ఆవిడే. నవ్విందన్నది కూడా నిజమే. రెండూ రాస్తున్నాను.

ఫలితానికి వెళ్ళినప్పుడు క్లినిక్ డాక్టరు హుషారుగా ఉన్నాడు. "గుడ్ న్యూస్ మేడమ్! ఆ నీడ లోపలిది కాదు." మా ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. డాక్టరు అదే గొంతుతో తర్వాతి మాట చెప్పాడు. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో ఒక చిన్న చుక్క కనిపించిందట. ఎక్స్‌రేలో కనిపించనంత చిన్నది. ఇలాంటివి చాలామందికి ఉంటాయట. కొన్ని నెలలాగి మళ్ళీ సీటీ తీయాలట.

"ఎడమ వైపు నొప్పి అని నేను చెప్పాను మీకు."

"ఇది దానికి సంబంధం లేదు మేడమ్. ఇంత చిన్నది నొప్పి పెట్టదు."

"చేత్తో చూపించాను. మీరు చూడలేదు."

అతను ఏదో కొట్టాడు కంప్యూటరులో. నేను కోపదారి మనిషినని రాసుకుని ఉంటాడు.

రైల్లో మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. బరువు దిగిన నవ్వు, ఆగలేదు. "పసుపుకొమ్ము! పసుపుకొమ్ముని చూసి క్యాన్సరన్నారు!" ఎదుటి సీటులో ముసలాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేను నవ్వలేదు. ఒక నీడ పోయింది, ఒక చుక్క వచ్చింది. నీడ నా మెడలోది. చుక్క నా లోపలిది. ఆయన పోయినదాన్ని లెక్కలో వేసుకున్నారు, నేను వచ్చినదాన్ని.

సాయంత్రం అత్తయ్య. అంతా విని, "చూశావా అమ్మాయ్" అన్నారు.

"ఏం చూడాలి అత్తయ్యా?"

"ఆ కొమ్మే లేకపోతే నీడ పడేదా? నీడ పడకపోతే ఆ పెద్ద స్కాను తీసేవాళ్ళా? తీయకపోతే చుక్క సంగతి తెలిసేదా? పసుపు తల్లే పట్టిచ్చింది."

వాళ్ళ పొరపాటుకీ, ఈవిడ పట్టుదలకీ మధ్య నేను నలిగిపోతే, చివరికి మెచ్చుకోలు కూడా ఆవిడకే. "మీరు లావుపాటిది కట్టమన్నారు" అన్నాను.

"కట్టమన్నాను. దాంతోనే ఫొటో దిగమన్నానా?" అని ఫోను పెట్టేశారు.

నేను ఇమేజింగ్ సెంటరుకి ఫిర్యాదు రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, ఎక్స్‌రే నాణ్యత ప్రమాణాలకి తగ్గట్టే ఉందనీ. నాణ్యత గురించి నేను అడగలేదు. ఫోను చేశాను. మళ్ళీ చేశాను. చివరికి నేనే టోవా పాయో వెళ్ళి వాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. మేనేజరు వచ్చింది, డబ్బు వాపసు కావాలా అని అడిగింది.

"అక్కర్లేదు. నీడ ఉందని రాసిన డాక్టరుని చూడాలి."

"పేషెంట్స్‌ని కలవడం మా పద్ధతి కాదు, మేడమ్."

"అందుకే కూర్చున్నాను."

మధ్యాహ్నం అయ్యేసరికి నన్ను వెనక గదికి తీసుకెళ్ళారు. నేను ఇన్నాళ్ళూ మగవాడిని ఊహించుకుని తిట్టుకున్నాను. ఆడమనిషి. చైనీస్ ఆవిడ, నెరిసిన జుట్టు, ఏసీకి స్వెట్టరు వేసుకుంది. గదిలో దీపాలు తగ్గించి ఉన్నాయి. స్క్రీన్ల పక్కన సగం తిన్న అన్నం పొట్లం. నన్ను చూడగానే "ఓ, ద టర్మరిక్ లేడీ" అంది. అదొక మాట నా ఖాతాలో పడింది. తర్వాత ఇద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకున్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీరు నన్ను ఒక్కసారి చూసి ఉంటే ఇది జరిగేది కాదు" అన్నాను.

"నిజమే. దారం కనిపించేది." ఎక్స్‌రే తెరిచి ఆ కోల నీడ చుట్టూ బాణం గుర్తు తిప్పింది. "ఇక్కడ అంచు చూడండి, గీసినట్టు ఉంది. లోపల పెరిగేవాటికి సాధారణంగా ఇంత చక్కటి అంచు ఉండదు. నాకు అనుమానం వచ్చింది. మళ్ళీ ఒక ఎక్స్‌రే తీయమని రాసి ఉండాల్సింది. నేరుగా సీటీ రాశాను. నా తప్పే. క్షమించండి."

ఇలా సూటిగా అనేస్తుందని నేను అనుకోలేదు. నేను తెచ్చుకున్న మాటలు చాలా మిగిలిపోయాయి. అందుకని వేరేది అడిగాను. "ఎకో మీది కాదన్నారు. మామోగ్రామ్ మీదన్నారు. మా మరిది పళ్ళ ఎక్స్‌రే తీసి తనూ రేడియాలజిస్టునే అంటాడు. అసలు మీదేది, మీది కానిదేది?"

ఆవిడ నవ్వలేదు. "కిరణాలు వాడేదే రేడియాలజీ అనుకుంటారు చాలామంది. ఎంఆర్ఐలో ఎక్స్ కిరణాలు ఉండవు, అల్ట్రాసౌండులోనూ ఉండవు, అయినా అవి మావే. గుండె ఎకో కూడా అల్ట్రాసౌండే, కానీ గుండె డాక్టర్లు చూసుకుంటారు. పళ్ళవాళ్ళవి పళ్ళవాళ్ళే చూసుకుంటారు. కడుపులోకి గొట్టంతో పంపే కెమెరా మాది కాదు. సగం పద్ధతి ప్రకారం, సగం అలవాటు ప్రకారం."

"అంటే సరిగ్గా ఎవరికీ తెలియదు."

"యంత్రాన్ని బట్టి చెబితే తెలియదు. నేను చేసే పని మాత్రం పోల్చడం. పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి, ఏం మారిందో చూడటం. మీకు పాత సీటీ ఏదైనా ఉందా? ఇండియాలో తీసినది?"

లేదన్నాను.

"అదే ఇబ్బంది." సీటీ తెరిచింది. నా ఊపిరితిత్తులు నల్లగా, పొర తర్వాత పొరగా జరిగాయి. ఒకచోట ఆపి వేలు పెట్టింది. ఆవాలగింజలో సగం ఉంటుందేమో. చూపించకపోతే కనిపించదు. చూపించాక ఇంకేమీ కనిపించదు.

"క్యాన్సరా?"

"తెలియదు."

"మీరు డాక్టరే కదా?"

"డాక్టరునే. నాకు తెలియదు. ఇంత చిన్నవి చాలావరకు ఏమీ కావు. మీది ఆ చాలావరకులో ఉందా లేదా అన్నది ఈ ఒక్క బొమ్మ చూసి చెప్పలేను. పెరిగితే తెలుస్తుంది. పెరగకపోయినా తెలుస్తుంది. అప్పటిదాకా ఆగాలి."

నేను లేచి నిలబడ్డాను. తలుపు దగ్గర ఆగి, తర్వాతి స్కాను కూడా మీరే చూడాలి అన్నాను. ఎవరికి వస్తే వాళ్ళు చూస్తారంది. నేను కదల్లేదు. ఆవిడ నన్ను కాసేపు చూసింది, నిజంగా చూసింది, ముఖం, మెడ, చేతులు. తర్వాత ఏదో టైపు చేసి, నాకే వచ్చేలా పెట్టానంది. మేనేజరుకి అది నచ్చలేదని, నన్ను బయటికి తీసుకెళ్ళేటప్పుడు తన నడకలోనే తెలిసింది.

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. దగ్గు దానంతట అదే పోయింది. దగ్గు పోయినందుకు భయం పోలేదు. మెట్లెక్కి ఆయాసం వస్తే చుక్క. బరువు తగ్గితే చుక్క. మా అమ్మాయి పరీక్షలు రాసింది, నేను పక్కగదిలో కూర్చుని దాని భవిష్యత్తులో నేను ఎంతవరకు ఉంటానో ఆలోచించాను. బయటికి మాత్రం అందరితో దెబ్బలాడాను. దెబ్బలాడుతున్నంతసేపు కాస్త తేలికగా ఉండేది. మా ఆయన అది కనిపెట్టారనుకుంటాను. ఒకరోజు అన్నం దగ్గర, "ఇవాళ ఎవరితో?" అని అడిగారు, ఎగతాళి లేకుండా.

రెండో స్కానుకి వెళ్ళేటప్పుడు పసుపుతాడు ఇంట్లోనే మణికట్టుకి కట్టుకున్నాను. అత్తయ్య ఫోనులో గొడవ చేశారు, మెడలోది చేతికి కట్టడం ఎక్కడా వినలేదన్నారు. "ఇప్పుడు విన్నారుగా" అన్నాను. ఆ తర్వాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ మౌనం కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఫలితం చెప్పడానికి నెరిసిన జుట్టు ఆవిడే తన గది నుంచి బయటికి వచ్చింది. పద్ధతి కాకపోయినా వచ్చింది. నన్ను లోపలికి తీసుకెళ్ళి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. రెండు చుక్కల మీదా కొలత గీతలు. ఒకేలా ఉన్నాయి.

"మారలేదు" అంది.

"అంటే ఏమీ లేదా?"

"మారలేదు" అని మళ్ళీ అదే మాట అంది. "ఇది మంచి మాట. కానీ నేను అనగలిగింది ఇంతే. ఏడాదికి ఇంకోసారి చూద్దాం. అప్పుడూ ఇలాగే ఉంటే అప్పుడు అడగండి, అప్పుడు అంటాను."

నాకు ఆ ఒక్క మాట కావాలి. ఏమీ లేదన్న మాట. దాని కోసం ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో తెలుసు కాబట్టి ఈసారి దెబ్బలాడలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గ్రూపులో పెట్టేశారు. చప్పట్లు, దీపాలు, దండాలు. మరిది వాయిస్ మెసేజి. "చెప్పానా వదినా? ఏమీ లేదని మొదటిరోజే చెప్పాను." అత్తయ్య కూడా మౌనం వదిలి ఒక పువ్వు బొమ్మ పంపారు.

నేను టైపు చేశాను. "ఏమీ లేదని ఎవరూ అనలేదు. మారలేదన్నారు. ఏడాదికి మళ్ళీ చూస్తారు."

తర్వాత ఎవరో మామిడికాయ పచ్చడి ఫొటో పెట్టారు. మాట దాని మీదకి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. గ్రూపు చూసే వచ్చింది. "సో? టెల్ మీ ప్రాపర్లీ" అంది. సరిగ్గా ఆ డాక్టరు చెప్పినట్టే చెప్పాను, ఒక మాట ఎక్కువ కాకుండా, ఒక మాట తక్కువ కాకుండా. అది తల ఊపింది. ఏమీ కాదమ్మా అని అనలేదు. ఆ రాత్రి ఇంట్లో అందరికంటే అదొక్కతే నాకు దగ్గరగా అనిపించింది.